చేతుల మీద జంతువు

సిరొంచ నుంచి పదిహేను కిలోమీటర్లు.
ప్రాణహిత సన్నబడి, ఇసుక వెడల్పైన మాఘమాసం.
జిల్లా పరిషత్ బడి గోడకు
తాలూకా ఆఫీసులో ఇచ్చిన పటం తగిలించాను.
ఆకుపచ్చ ఒళ్ళు, కొమ్ములు, కోరలు, తొమ్మిది కాళ్ళు,
కింద మరాఠీలో లావు అక్షరాలు: జంతూ.

పుస్తకం భాషలో జంతూ అంటే
కంటికి ఆనని రోగపు నలుసు.
వీళ్ళ అమ్మలు అన్నానికి పిలిచే భాషలో
జంతువంటే జంతువే.

"మీ చేతుల నిండా జంతూలున్నాయి" అన్నాను.
ముప్పై ఒక్క జతల చేతులు
చటుక్కున వీపుల వెనక్కి పోయాయి.
కాసేపటికి ఒక్కొక్కటే ముందుకొచ్చి
కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిరిగాయి.
"ఏ జంతువు టీచర్? ఎలుగుగొడ్డా?"
అడిగింది తలాండి లాల్సు.
పోయినేడు ఇప్పచెట్టు కింద వాళ్ళ మామను
ఎలుగు గీరింది.
అది నవ్వులాటకడిగిన ప్రశ్న కాదు.

చిన్నవి, చాలా చిన్నవి అన్నాను,
ఆవగింజ మీద ఊరు కట్టుకునేంత.
"మీరు చూసిన్రా?"

డీఎడ్ చదివేటప్పుడు ఒక్కసారి
సూక్ష్మదర్శినిలోకి తొంగిచూశాను.
నా కనురెప్ప వెంట్రుకలే కనబడ్డాయి.
ఆ సంగతి చెప్పలేదు.
సబ్బు గురించి చెప్పాను.

నెలకు ఒక్క బిళ్ళ వస్తుంది.
కుట్టుదారంతో నాలుగు ముక్కలు కోసి
ఉల్లిగడ్డల సంచి జాలీలో కట్టి
డ్రమ్ము పక్కన వేలాడదీస్తాం.
ఒక ముక్కను కాకి ఎత్తుకుపోయింది.
ఊళ్ళో ఇప్పటికీ
ఆ ముక్క గురించే మాట్లాడుకుంటారు.

అప్పుడొచ్చింది పోచుబాయి
పన్నెండు రోజుల తర్వాత, మూడో గంటకు.
మిరపతోటల్లో ఏరుడు నడుస్తోంది,
కిలో లెక్కన కూలి,
చిన్న చేతులైతే కొమ్మ విరగదంటారు.
చివరి వరుసలో కూచుని
ఈగను తోలబోయి కన్ను నలుపుకుంది.

ఆ అరుపుకి పటం కూడా ఊగినట్టయింది.
ఏడు మగ్గుల నీళ్ళు పోశాను కంట్లోకి.
ఎనిమిదోది వద్దంది,
"సాయంత్రం తాగనీకి ఉండొద్దా?"

ఒక కన్ను మూసి,
ఎర్రబడ్డ కన్ను తెరిచి,
అరచేయి అందరి ముందు చాపింది.
"చూడున్రి. ఏమన్న కనవడ్తుందా?"
లేదు.
"పొద్దున కడుక్కునే వచ్చిన. ఉన్నదా, లేదా?"

లాల్సు నమ్మలేదు.
వేలితో ఆ అరచేతిని తాకి
నాలుక్కి పెట్టుకున్నాడు.
చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత ముక్కు,
తర్వాత వాడు వరండా దాటి పరుగు.
పరిశుభ్రత పాఠం మధ్యలో ఇలా జరిగితే
ఏం చేయాలో
ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

"వట్టి నీళ్ళకు పోదు" అంది పోచుబాయి,
"ముందు నూనె, తర్వాత సబ్బు,
గోళ్ళ సందుల్ల ఎక్కువ.
అమ్మ తమ్ముడ్ని ఎత్తుకోవాలంటే
ముందు ఇదంతా చేస్తది."

నేను చెప్పాల్సిందంతా అదే.
సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను.

మధ్యాహ్నం పప్పన్నానికి ముందు
డ్రమ్ము దగ్గర వరస కట్టారు,
ఎవరూ తోసుకోలేదు.
బోరింగు పిడి దసరా నుంచి విరిగే ఉంది.
ఏటి ఇసుకలో చెలిమ తవ్వి
పెద్ద పిల్లలు మోసుకొచ్చిన రెండు బిందెలు,
మనిషికి అర దోసిలి.
ఇరవై సెకన్లు తోమాలంటుంది పటం.
కడగడానికి ఎన్ని నీళ్ళో
అందులో రాయలేదు.

లాల్సు నా దగ్గరికొచ్చి
"మీ చేతులు చూపున్రి" అన్నాడు.
గోళ్ళ కింద సుద్దపొడి, నిన్నటి పసుపు.
తల అడ్డంగా ఊపి
నన్ను వరస చివర నిలబెట్టాడు.

మర్నాడు హాజరు ముప్పై.
అసరల్లి రోడ్డు మీద బస్సు కోసం నిల్చుంటే
కూలీల ట్రాక్టర్ దుమ్ము రేపుతూ పోయింది.
వెనక బస్తాల మీద పోచుబాయి,
నన్ను చూసి రెండు అరచేతులూ
వెడల్పుగా తెరిచి చూపించింది.

కడిగినవో, కడగాల్సినవో.
అంత దూరం నుంచి
నాకేమీ కనబడలేదు.